"పార్ట్ లేదు" అన్నప్పుడు కౌంటర్ వెనక ఏం జరుగుతుంది? అరుదైన బండి ఉన్నవాళ్ల కోసం

ఈ ఎపిసోడ్‌లో బండి రివ్యూ లేదు, మైలేజ్ టెస్ట్ లేదు. షోరూంలో ఎవరూ వీడియో తియ్యని ఒక చోటు గురించి మాట్లాడదాం. సర్వీస్ సెంటర్ లోపల ఓ మూలకు ఒక చిన్న కిటికీ ఉంటుంది. వెనక ఇనుప రాక్‌లు, ఒక కంప్యూటరు, ఒక మనిషి. అదే పార్ట్స్ కౌంటర్.

మీ దగ్గర్నుంచి నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఇదే. "అన్నా, నా బండికి పార్ట్ లేదంటున్నారు. ఆర్డర్ పెట్టాం అంటారు, ఎప్పుడొస్తుందో చెప్పరు. నెలయింది. అమ్మెయ్యనా?" ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసేకన్నా, మొత్తం ఒకేసారి చెప్పేద్దామని ఈ ఎపిసోడ్.

ఈ సంగతి నాకెలా తెలుసు అంటారా? ఛానెల్ మొదలుపెట్టక ముందు హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర తొమ్మిదేళ్లు ఆ కిటికీ వెనక కూర్చున్నది నేనే. ఏ కంపెనీ, ఏ డీలర్ అని అడక్కండి, చెప్పను. పేరు చెప్పానంటే కామెంట్లన్నీ ఆ పేరు చుట్టూనే తిరుగుతాయి, అసలు విషయం పక్కకు పోతుంది. పైగా ఇప్పుడు చెప్పబోయే దాంట్లో తప్పు కంపెనీది కాదు, నాది.

మా దగ్గర మామూలు బళ్లతో పాటు ఒక పెద్ద ఇంజన్ బండి కూడా అమ్మేవాళ్లం. నెలకు రెండో మూడో పోయేవి, అంతే. దాన్ని కొన్నవాళ్లలో ఒక సార్ ఉండేవారు. జూనియర్ కాలేజీలో లెక్చరర్. ఇల్లు ఉప్పల్ వైపు, కాలేజీ భువనగిరి వైపు. రోజూ పోను రాను ఆ బండి మీదే. చాలా ఏళ్లు డబ్బులు కూడబెట్టి, ఇంట్లో వాళ్లను ఒప్పించి కొన్న బండి. సర్వీస్‌కి ఇచ్చే ముందు ఇంట్లోనే తుడిచి తీసుకొచ్చేవారు. మేం నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు ఆ బండి కింద పచ్చగా చుక్కలు పడుతున్నాయి. కూలెంట్ కారుతోంది. వాటర్ పంప్ కింద ఒక చిన్న రంధ్రం ఉంటుందండి. లోపల సీల్ అరిగిపోతే కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఆ రంధ్రం గుండా బయటికొస్తుంది. అంటే "సీల్ పోయింది, చూసుకో" అని బండే చెప్తుందన్నమాట. సీల్ ఖరీదు ఎంతో కాదు, కొన్ని వందల రూపాయలు. పని అరపూట.

మా మెకానిక్ వెంటనే ఇంజన్ కవర్ విప్పేశాడు. నేను కంప్యూటర్‌లో ఆ మోడల్ పేరు కొట్టి, బొమ్మలో సీల్ చూసి, దాని నంబర్‌కి ఆర్డర్ పెట్టాను. "పది రోజుల్లో వస్తుంది సార్" అన్నాను. ఎందుకలా అన్నానంటే అందరికీ అదే చెప్పేవాణ్ణి, అంతే. దానికి ఆధారం ఏమీ లేదు.

అది 34 రోజులకు వచ్చింది. కవర్ విప్పి చూస్తే సీల్ లూజ్. పట్టలేదు. ఏమైందంటే, ఆ మోడల్‌లో కంపెనీ మధ్యలో పంపు షాఫ్ట్ మార్చింది. ఫలానా ఛాసిస్ నంబర్ వరకు ఒక సీల్, ఆ తర్వాత బళ్లకు ఇంకోటి. ఆ సంగతి కేటలాగ్‌లో చిన్న అక్షరాల్లో ఉంది. నేను ఛాసిస్ నంబర్ కొట్టలేదు, మోడల్ పేరు కొట్టాను. మళ్లీ ఆర్డర్. ఇంకో 28 రోజులు. మొత్తం 62 రోజులు ఆ బండి ఇంజన్ తెరుచుకుని మా షెడ్డులో నిలబడింది.

ఆ 62 రోజులూ సార్ బస్సులు మారి కాలేజీకి వెళ్లారు. పొద్దున మొదటి క్లాసు ఆయనదే. ఆలస్యం అవుతోందని మెమో ఇచ్చారట. ఆయన ఒక్కసారి కూడా అరవలేదు. చివర్లో బండి తీసుకునేటప్పుడు ఒక్క మాటన్నారు. "తమ్ముడూ, రెండు నెలలు పడుతుందని మొదటి రోజే చెప్పి ఉంటే, కవర్ విప్పొద్దని చెప్పేవాణ్ణి. కూలెంట్ పోసుకుంటూ ఏదో ఒక తిప్పలు పడేవాణ్ణి. పది రోజులు, పది రోజులు అంటూ నన్ను కూర్చోబెట్టావు." నాకు నోట మాట రాలేదు. కూలెంట్ పోసుకుంటూ నడపడం ఇంజన్‌కి మంచిదా కాదా అన్నది వేరే సంగతి. కానీ ఆ నిర్ణయం ఆయన తీసుకోవాల్సింది, ఆయన తరఫున నేను తీసేసుకున్నాను.

మూడు నెలల తర్వాత ఆయన ఆ బండి అమ్మేశారు. బండి మంచిదే. చెడిపోయింది మా కౌంటర్ మీద ఆయనకున్న నమ్మకం.

సరే, ఇక అసలు విషయానికొద్దాం. అరుదైన బండి అంటే పాత బండి అనే కాదు. మీ ఊళ్లో పది మంది దగ్గర కూడా లేని బండి, కంపెనీ ఆపేసిన మోడల్, విదేశం నుంచి భాగాలొచ్చే బండి, ఇవన్నీ అరుదైనవే. వీటికి పార్ట్ ఎందుకు ఉండదు?

మొదటి కారణం డబ్బు. చాలామంది అనుకుంటారు, రాక్‌లో ఉన్న సామాను కంపెనీదని. కాదండి. డీలర్ తన సొంత డబ్బుతో కొని పెట్టుకున్న సరుకు అది. బ్రేక్ షూలు, క్లచ్ కేబుళ్లు, ఎయిర్ ఫిల్టర్లు, ఇవి రోజూ పోతాయి, డబ్బు తిరుగుతుంది. మీ బండి వాటర్ పంప్ సీల్ మూడేళ్లకు ఒకటి పోతుందేమో. అది రాక్‌లో పడుంటే దాన్ని డెడ్ స్టాక్ అంటారు. ప్రతి నెలాఖరుకూ ఓనర్ వచ్చి అడిగేది ఆ డెడ్ స్టాక్ గురించే.

రెండో కారణం మీకు ఎవరూ చెప్పరు. ఏ పార్ట్ ఎంత స్టాక్ పెట్టాలో ఎక్కువగా కంప్యూటరే చెప్తుంది, అంతకుముందు ఎన్ని అమ్ముడయ్యాయో చూసి. ఇప్పుడు మీరొచ్చి "ఫలానా లివర్ ఉందా?" అన్నారు. నేను "లేదు" అన్నాను. మీరు వెళ్లిపోయారు. కంప్యూటర్ లెక్కలో ఏం నమోదైంది? ఏమీ లేదు. సంవత్సరంలో పది మంది వచ్చి అడిగి వెళ్లిపోయినా కంప్యూటర్ దృష్టిలో ఆ లివర్‌ని అడిగినవాడే లేడు. కాబట్టి ఎప్పటికీ రాదు. అందుకే చెప్తున్నా, "లేదు" అనగానే వెనక్కి తిరగొద్దు. పార్ట్ నిజంగా కావాలంటే మీ పేరు మీద, మీ బండి నంబర్ మీద ఆర్డర్ ఎక్కించమనండి. అడ్వాన్స్ అడిగితే కట్టండి, రసీదు తీసుకోండి. మీకు ఆర్డర్ వస్తుంది, మీ వెనక వచ్చేవాడికి లెక్క వస్తుంది.

ఇక "ఆర్డర్ పెట్టాం" అన్న మాట. దీంట్లో రెండు రకాలుంటాయి. ఒకటి స్టాక్ ఆర్డర్. వారానికో పదిహేను రోజులకో అందరివీ కలిపి పెట్టేది, లారీలో మిగతా సామానుతో కలిసి వస్తుంది. రెండోది వీఓఆర్, అంటే వెహికల్ ఆఫ్ రోడ్. బండి కదలడం లేదు, పార్ట్ అర్జెంట్ అని పెట్టేది. దాన్ని గోడౌన్‌లో ముందు తీస్తారు, కొరియర్‌లో పంపిస్తారు. చాలా కంపెనీల్లో వీఓఆర్ మీద డీలర్‌కి మార్జిన్ తగ్గుతుంది, లేదా కొరియర్ ఖర్చు పడుతుంది. అందుకని మీరు అడక్కపోతే మామూలు ఆర్డర్‌లోనే వేసేస్తారు. నేనూ అలాగే వేసేవాణ్ణి. మీ బండి నిజంగా ఆగిపోయి ఉంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి: "దీన్ని వీఓఆర్‌లో పెట్టారా, స్టాక్ ఆర్డర్‌లో పెట్టారా?" ఈ ప్రశ్న అడిగిన కస్టమర్‌ని కౌంటర్ వాడు వేరేగా చూస్తాడు. కొరియర్ ఖర్చు నేను పెట్టుకుంటా అంటే ఇంకా తొందరగా కదులుతుంది.

మూడో మాట, బ్యాక్ ఆర్డర్. అంటే కంపెనీ గోడౌన్‌లోనే లేదు. అప్పుడు కొరియర్ అయినా లారీ అయినా తేడా లేదు. ఈ మూడింట్లో మీది ఏదో తెలుసుకోవడం మీ హక్కు. ఆర్డర్ పెట్టిన రెండు మూడు రోజుల్లో కౌంటర్ వాడికి స్క్రీన్ మీద అది కనిపిస్తుంది. "ఎప్పుడొస్తుంది?" అని అడిగితే "పది రోజులు" అనే వస్తుంది జవాబు. "గోడౌన్‌లో ఉందా, బ్యాక్ ఆర్డరా?" అని అడిగితే చూసి చెప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు కౌంటర్‌కి వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి? మోడల్ పేరు చాలదు. నా కథే దానికి సాక్ష్యం.

ఒకటి, ఛాసిస్ నంబర్. ఆర్సీలో ఉంటుంది, బండి హ్యాండిల్ మెడ దగ్గర కొట్టి ఉంటుంది. మొత్తం 17 అక్షరాలు, అంకెలు. మన దేశంలో తయారైన బళ్లకు ఎక్కువగా 'ఎం' అక్షరంతో మొదలవుతుంది. ఇందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు, ఒకటికీ సున్నాకీ పొరపాటు పడకూడదని. కాబట్టి 'ఓ' లాగా కనిపిస్తే అది సున్నానే. రాసుకుని వెళ్లకండి, ఫోటో తీసుకెళ్లండి. రాసుకొచ్చిన నంబర్లలో తప్పులు నేను చాలా చూశాను.

రెండు, పాత పార్ట్. పాడైపోయిందని పారెయ్యొద్దు. దాని మీద నంబరో, కొలతో ఏదో ఒకటి ఉంటుంది. ఏమీ లేకపోయినా పక్కన పెట్టి పోల్చుకోవడానికి పనికొస్తుంది.

మూడు, పార్ట్ నంబర్. చాలా బళ్ల పార్ట్స్ కేటలాగ్‌లు బొమ్మలతో సహా నెట్‌లో దొరుకుతాయి. భాగాలన్నీ విడదీసి గీసిన బొమ్మ ఉంటుంది, పక్కన నంబర్లు. కాస్త ఓపిక పడితే ఎవరైనా చదవొచ్చు. ఆ నంబర్లు ఊరికే వేసినవి కాదండి, వాటికో భాష ఉంది. హోండా నంబర్ తీసుకోండి: 15410-ఎంఎఫ్‌జే-డీ01. మొదటి ఐదంకెలు అది ఏ వస్తువో చెప్తాయి. 15410 అంటే ఆయిల్ ఫిల్టర్. మధ్యలో మూడక్షరాలు ఆ వస్తువు మొదట ఏ మోడల్ కోసం తయారైందో చెప్తాయి. యమహాలో ఇది తిరగేసి ఉంటుంది: 5జీహెచ్-13440-60. ముందు మూడూ మోడల్, మధ్యలో 13440 అంటే ఆయిల్ ఫిల్టర్, చివర రెండంకెలు దాని మార్పులు.

ఇది తెలిస్తే లాభం ఏమిటి? రెండున్నాయి. మీ బండి కేటలాగ్‌లో ఒక నంబర్ మధ్యలో వేరే మోడల్ కోడ్ కనిపించిందనుకోండి, ఆ పార్ట్ ఇంకో బండి నుంచి వచ్చిందని అర్థం. ఆ ఇంకో బండి ఎక్కువగా తిరిగేది అయితే ఆ సామాను ఏ కౌంటర్‌లోనైనా ఉండొచ్చు. రెండోది, కంపెనీలు పాత నంబర్ ఆపేసి కొత్త నంబర్ ఇస్తుంటాయి. చివరి అంకెలు 50 ఉన్నది 60 అవుతుంది, 70 అవుతుంది. కౌంటర్‌లో పాత నంబర్ కొట్టి "ఆగిపోయింది" అంటే, "దీని బదులు వచ్చిన నంబర్ ఏదో చూడండి" అని అడగండి. ఆగిపోయింది అన్న మాట విని అక్కడే ఆగిపోయినవాళ్లు ఎంతమందో.

ఇంకో ముఖ్యమైన సంగతి. మీ బండి అరుదైనది కావచ్చు, కానీ అందులో ఉన్న ప్రతి వస్తువూ అరుదైనది కాదు. బేరింగ్ తీసుకోండి. దాని మీద 6202 అని ఉంటే లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లు, బయట 35, మందం 11. ప్రపంచంలో ఏ కంపెనీ చేసినా అంతే. చక్రంలో అదే, నీళ్ల మోటారులో అదే. ఫోర్క్ ఆయిల్ సీల్ మీద 41-54-11 అని ఉంటే అవి కొలతలే. చైన్ 520 అంటే మొదటి అంకె పిచ్, అంగుళంలో ఎనిమిదో వంతులు ఐదు. 428 అయితే నాలుగు, అంటే సరిగ్గా అర అంగుళం. ఇలాంటివి కంపెనీ డబ్బాలో వస్తే ఒక ధర, విడిగా కొంటే ఒక ధర.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు బేరింగులు, సీళ్ల కోసం రాణిగంజ్ వెళ్లండి. బండి సామాను కోసం కోఠి పక్కన పుత్లీబౌలి ఉంది. విజయవాడ వాళ్లకు ఆటోనగర్ ఉంది. ఢిల్లీలో కరోల్ బాగ్, చెన్నైలో పుదుపేట. పాత పార్ట్ చేతిలో పెట్టుకుని వెళ్లండి. అక్కడ బండి పేరు చెప్తే "తెలీదు" అంటారు, కొలత చెప్తే తీసి ఇస్తారు. మంచి పేరున్న తయారీ అడగండి, సీల్ విషయంలో ఆయిల్‌కీ వేడికీ తట్టుకునే రకమేనా అని అడగండి.

కానీ ఇందులో హద్దు తెలిసి ఉండాలి. ఇంజన్ లోపలి గాస్కెట్లు, పిస్టన్ రింగులు, వాటర్ పంప్ సీల్, సెన్సర్లు, తాళం సెట్, ఏబీఎస్ యూనిట్, వీటి జోలికి బయట వెళ్లొద్దు. బ్రేకుల విషయంలో అయితే అసలే ప్రయోగాలు వద్దు. "దాదాపు సరిపోయింది" అన్న వస్తువు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఏం చేస్తుందో మనం చెప్పలేం.

మధ్యరకం ఒకటుంది, చుట్టాల బళ్లు. బీఎండబ్ల్యూ జీ310, టీవీఎస్ అపాచీ 310 రెండూ హోసూరులో టీవీఎస్ ఫ్యాక్టరీలో తయారవుతాయి, ఇంజన్ మూలం ఒకటే. హస్క్‌వర్నా 401కి కేటీఎం 390 చుట్టం. ఇలాంటి బళ్లలో కొన్ని వస్తువులు కలుస్తాయి, కొన్ని చూడటానికి ఒకేలా ఉండి కలవవు. నంబర్ సరిపోల్చకుండా, కొలవకుండా కొనొద్దు. ఒకసారి కొన్న ఎలక్ట్రికల్ సామాను మామూలుగా వెనక్కి తీసుకోరు.

ఇప్పుడు చాలామంది భయం గురించి. "కంపెనీయే వెళ్లిపోతే?" ఇది ఉత్తుత్తి భయం కాదు. 2020 సెప్టెంబరులో హార్లే డేవిడ్‌సన్ ఇండియాలో తయారీ ఆపేస్తున్నామని చెప్పింది. ఆ బళ్లు కొన్నవాళ్లకు ఆ నెల నిద్ర లేదు. అక్టోబరులో హీరో మోటోకార్ప్‌తో ఒప్పందం కుదిరి, అమ్మకాలు, సర్వీసు, స్పేర్ పార్ట్స్ హీరో చేతికొచ్చాయి. బెనెల్లీ కూడా ఇండియాలో చేతులు మారింది. 2018లో మన హైదరాబాద్‌ మహావీర్ గ్రూప్ చేతికి వచ్చింది. ఇలా చేతులు మారే ప్రతిసారీ కొన్ని నెలలు మధ్యలో ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో బండి చెడిపోయినవాడే నలిగిపోతాడు.

మరి ఇంకోవైపు చూడండి. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిందీ అదే సంవత్సరం. ఇప్పటికీ ఆ యెజ్డీలు, ఆ ఆర్‌ఎక్స్‌లు మన రోడ్ల మీద తిరుగుతున్నాయా లేదా? కంపెనీ లేకుండా ఎలా తిరుగుతున్నాయి? చాలా బళ్లు అమ్ముడయ్యాయి కాబట్టి చిన్న చిన్న తయారీదారులు సామాను చేస్తున్నారు. పని తెలిసిన మెకానిక్‌లు ఉన్నారు. నడిపేవాళ్లు ఒకళ్లనొకళ్లు వెతుక్కుని గుంపుగా ఉన్నారు, ఒకరి దగ్గర ఉన్న కార్బొరేటర్ ఇంకొకరికి చేరుతుంది. ఇందులో మనకు పాఠం ఏమిటంటే, బండి కొనే ముందు కంపెనీ ఎంత పెద్దదని కాదు, ఆ బళ్లు మన చుట్టుపక్కల ఎన్ని తిరుగుతున్నాయని చూడాలి. అలాగే షోరూంలో బండి చూసి మురిసిపోయే ముందు, లోపలికి వెళ్లి పార్ట్స్ కౌంటర్‌లో అడగండి: "ఈ బండికి క్లచ్ ప్లేట్లు, బ్రేక్ లివర్, ముందు ఇండికేటర్ ఇప్పుడు స్టాక్‌లో ఉన్నాయా?" బండి పడితే ముందు విరిగేవి లివర్, ఇండికేటరే కదా. మూడింట్లో ఒక్కటీ లేకపోతే మీ భవిష్యత్తు అక్కడే కనిపించినట్టు.

కొన్నాక కూడా ఒక పని చెయ్యండి. చిన్న డబ్బాలో క్లచ్ కేబుల్, లివర్లు, ఆయిల్ ఫిల్టర్లు రెండు, ఎయిర్ ఫిల్టర్ ఒకటి, స్పార్క్ ప్లగ్‌లు ఇంట్లో పెట్టుకోండి. బండి బాగున్నప్పుడే కొనుక్కోండి. అప్పుడు పది రోజులు పట్టినా, రెండు నెలలు పట్టినా మీకు నష్టం లేదు.

కౌంటర్ దగ్గర ఎలా ఉండాలో రెండు మాటలు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా ఆ కిటికీ ముందు లోపలి మెకానిక్‌లే క్యూ కడతారు. శనివారం అసలు వెళ్లొద్దు. మామూలు రోజు మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. అప్పుడు ఆ మనిషికి కేటలాగ్ తెరిచి మీతో కూర్చునే తీరిక ఉంటుంది. పేరు అడిగి పేరుతో పిలవండి. అరిచిన కస్టమర్ పని ముందు అవుతుందని అనుకుంటారు, కొన్నిసార్లు అవుతుంది కూడా. కానీ రాక్ వెనక పడి ఉన్న పాత సామాను వెతికి తీసేది, పక్క ఊరి డీలర్‌కి ఫోన్ చేసి "మీ దగ్గర ఉందా, పంపించండి" అని అడిగేది మాత్రం మంచిగా మాట్లాడినవాళ్ల కోసమే. నేనైతే అలాగే చేశాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి. బండి నడిచే స్థితిలో ఉంటే, పార్ట్ చేతికి రాకముందు ఇంజన్ విప్పనివ్వకండి. జాబ్ కార్డ్ మీదే రాయించండి, "పార్ట్ వచ్చాక విప్పాలి" అని. నడపడం ప్రమాదమైతే బండి ఇంట్లో పెట్టుకోండి, షెడ్డులో కాదు. విప్పిన బండి మీ చేతిలో ఉండదు. వేరే మెకానిక్ దగ్గరికి కూడా తీసుకెళ్లలేరు.

ఇన్ని చేసినా కదలకపోతే? అప్పుడు కాగితం. ఛాసిస్ నంబర్, జాబ్ కార్డ్ నంబర్, ఆర్డర్ తేదీ వేసి కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ రాయండి. డీలర్‌కి కాదు, కంపెనీకి. రెండు వారాలు చూడండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చెయ్యండి, అది ఉచితం. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. సమస్య మొదలైన రెండేళ్లలోపు వెయ్యాలి. రసీదులు, మెసేజ్‌లు అన్నీ దాచుకోండి.

స్పేర్ పార్ట్స్ విషయం ప్రభుత్వ సంస్థల దాకా వెళ్లని చిన్న సంగతి కాదండి. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద 2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. స్పేర్ పార్ట్స్ బయట మార్కెట్లో దొరకనివ్వడం లేదన్నదే అక్కడ ప్రధానమైన ఆరోపణ. అది కార్ల సంగతి, తర్వాత అప్పీళ్లకు వెళ్లింది. 2022 డిసెంబర్ 24న కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది, అందులో వాహనాల రంగం కూడా ఉంది. బండి కొన్నవాడికి బాగుచేసుకునే హక్కు కూడా ఉండాలన్న ఆలోచన మెల్లగా అయినా ముందుకే పోతోంది.

చివరిగా, ఈ వీడియో చూసేవాళ్లలో కౌంటర్ వెనక కూర్చున్న తమ్ముళ్లు కూడా ఉన్నారని నాకు తెలుసు. మీకు మూడు మాటలు. ఛాసిస్ నంబర్ కొట్టకుండా ఆర్డర్ పెట్టొద్దు. తెలియని తేదీ చెప్పొద్దు, "తెలీదు సార్, గురువారం చూసి చెప్తా" అనండి. గురువారం కొత్త సంగతి ఏమీ లేకపోయినా ఫోన్ చెయ్యండి. ఈ మూడూ చెయ్యడానికి ఓనర్ పర్మిషన్ అక్కర్లేదు, డబ్బు ఖర్చు లేదు. ఆ లెక్చరర్ సార్ వెళ్లిపోయాక మిగిలిన నాలుగేళ్లూ నేను ఇలాగే చేశాను. పార్ట్‌లు అంతకుముందు కన్నా తొందరగా ఏమీ రాలేదు. కానీ బండి అమ్మేస్తానన్నవాళ్లు తగ్గారు.

ఆ సార్‌ని పోయినేడాది ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర చూశాను. మామూలు 125 సీసీ బండి మీద ఉన్నారు. నన్ను గుర్తుపట్టి పలకరించారు. నేను ఛానెల్ సంగతి చెప్పాను. "మంచిది తమ్ముడూ, అప్పుడు నాకు చెప్పనివి అందులో అందరికీ చెప్పు" అన్నారు. అందుకే ఈ ఎపిసోడ్.

మీ బండి ఏది, ఏ పార్ట్ కోసం ఎన్ని రోజులు చూశారు, చివరికి ఎలా దొరికింది, కామెంట్స్‌లో రాయండి. ముఖ్యంగా ఎలా దొరికిందో రాయండి, అదే బండి ఉన్న ఇంకొకరికి పనికొస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో చైన్ స్ప్రాకెట్ ఎప్పుడు మార్చాలి, అరుగుదల ఇంట్లోనే ఎలా చూసుకోవాలి అన్నది చూద్దాం. హెల్మెట్ పెట్టుకోండి, జాగ్రత్తగా వెళ్లి రండి. ఉంటానండి, నమస్కారం.